నాలుగు ఓటముల తర్వాతి ఏడాది

మీ బ్యాచ్‌లో సగం మందికి ఆఫర్ లెటర్లు వచ్చేశాయి. మీకింకా రాలేదు. ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా డిగ్రీ అయ్యాక ఈ గ్యాప్ ఏంటన్నదే మొదటి ప్రశ్న. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఉద్యోగం సంగతి ఎత్తరు. తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగి పెట్టేస్తారు. ఆయన అడక్కపోవడమే మీకు ఎక్కువ బాధ.

మీలాగే గ్యాప్ ఉన్న ఒకతని కథ ఇది. అతను హైస్కూల్ పట్టా లేకుండానే ఉద్యోగంలో చేరాడు. తోటివాళ్లు డిగ్రీలు పూర్తిచేసే వయసులో, 22 ఏళ్లకు, కాలేజీలో అడుగుపెట్టాడు. తర్వాత అదే కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యి, 13 సీజన్లలో 105 మ్యాచ్‌లు గెలిపించాడు. ఓడినవి 12, డ్రా అయినవి 5. పేరు నూట్ రాక్నీ. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అంత గొప్ప రికార్డు ఉన్న కోచ్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ 12 ఓటముల్లో నాలుగు ఒకే ఏడాది వచ్చాయి. ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఆ ఏడాది సంగతీ, దాని తర్వాతి ఏడాది సంగతీ.

ముందుగా ఆట గురించి ఒక్క మాట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికా వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. రెండు కొనల్లో సన్నగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా తోటి ఆటగాడికి విసరాలి. అడ్డొచ్చినవాళ్లను తప్పించుకుని అవతలి గీత దాటాలి. జట్టుకు 11 మంది, గీతకీ గీతకీ మధ్య 100 గజాలు. రాక్నీ రోజుల్లో సీజన్ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలై డిసెంబర్ మొదట్లో ముగిసేది. వారానికి ఒక్క మ్యాచ్ చొప్పున తొమ్మిదో పదో ఉండేవి. ఒక్కటి పోయినా ఏడాదంతా ఆ లోటు కనిపించేది. ఎప్పుడో ఒకసారి వచ్చే నోటిఫికేషన్ కోసం చదివేవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

పోస్టాఫీసు నుంచి ప్రయోగశాలకు

రాక్నీ 1888 మార్చి 4న నార్వేలోని వోస్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి లార్స్ గుర్రబ్బగ్గీలు తయారుచేసేవాడు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన అమెరికా వెళ్లాడు, కుటుంబం కూడా అక్కడికే చేరింది. అప్పటికి రాక్నీకి ఐదేళ్లు. కొత్త దేశం, కొత్త భాష. వీధిలో పిల్లలతో ఆడుతూనే రెండూ అలవాటు చేసుకున్నాడు.

హైస్కూల్లో చదువు కన్నా పరుగు పందాల మీదే ధ్యాస. చివరికి పట్టా లేకుండానే బయటికొచ్చాడు. షికాగో పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి పంపే విభాగంలో ఉద్యోగం దొరికింది. అందులో సుమారు నాలుగేళ్లు పనిచేశాడు. జీతంలో కొంత కాలేజీ కోసమని దాచుకుంటూ వచ్చాడు. బయటి నుంచి చూస్తే అది చదువు ఆగిపోయిన కాలమే. ఫీజు కూడబెట్టుకున్న కాలం కూడా అదేనని అతనికి తెలుసు.

ముందు ఇల్లినాయ్ యూనివర్సిటీకి వెళ్దామనుకున్నాడు. తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లోని నోటర్ డేమ్‌లో చేరుతున్నారు. అక్కడైతే ఖర్చు తక్కువ, చదువుకుంటూ పని చేసుకోవచ్చని చెప్పారు. అలా 1910లో రాక్నీ అక్కడ చేరాడు. కెమిస్ట్రీ ల్యాబ్ శుభ్రం చేసే పని దొరికింది. తనకన్నా చిన్నవాళ్లు బెంచీల మీద కూర్చుంటే, అతను వాళ్లు వాడేసిన గాజు సామాను కడిగేవాడు.

ఫుట్‌బాల్‌లో మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, ఆ ఆటకు చిన్న శరీరం. కొత్తవాళ్లను పరీక్షించినప్పుడు సరిగా ఆడలేక వెనక్కి వచ్చేశాడు. కొన్నాళ్లు అథ్లెటిక్స్‌లో పడి కాళ్లకు వేగం పెంచుకుని, మళ్లీ వెళ్లి జట్టులో చోటు సంపాదించాడు. 1912లో తండ్రి చనిపోయాడు. చదువు మానేసి ఇల్లు చూసుకుందామనుకున్నాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు, తిరిగి కాలేజీకి పంపారు. మరుసటి ఏడాదికి అతనే కెప్టెన్.

సముద్రంలాంటి సరస్సు ఒడ్డున

1913 వేసవిలో రాక్నీ, జట్టు క్వార్టర్‌బ్యాక్ గస్ డొరెయిస్ కలిసి ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డునున్న సీడార్ పాయింట్ అనే విహార స్థలంలో సెలవుల ఉద్యోగం చేశారు. పని లేనప్పుడు ఇసుకలో ఒకటే సాధన. డొరెయిస్ బంతి విసరడం, రాక్నీ పరిగెత్తుతూనే అందుకోవడం.

బంతిని ముందుకు విసరడానికి 1906 నుంచే నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. వీళ్లకన్నా ముందే కొన్ని జట్లు దాన్ని వాడాయి కూడా. వీళ్లు కనిపెట్టిన కొత్త విద్యేమీ కాదది. అయితే పెద్ద జట్లు చాలావరకు బలంతో తోసుకుపోయే పాత ఆటనే నమ్ముకుని, విసరడాన్ని అడపాదడపా వేసే ఎత్తుగానే చూసేవి. వీళ్లిద్దరూ దాన్నే ప్రధాన ఆయుధంగా చేసుకుని, వేసవంతా సానబెట్టారు.

నవంబర్ 1న వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ జట్టుతో మ్యాచ్. అందరూ ఆ జట్టును ఆర్మీ అంటారు. నోటర్ డేమ్ అప్పటికి దేశంలో పెద్దగా పేరులేని చిన్న కాలేజీ. డొరెయిస్ బంతి విసురుతున్నాడు, రాక్నీ, మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఆర్మీ వాళ్లకు ఎవర్ని ఆపాలో తెలియలేదు. స్కోరు 35-13. మర్నాడు తూర్పు తీరం పత్రికల్లో ఆ చిన్న కాలేజీ పేరు మోగిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అందరికీ అందుబాటులో ఉన్న సాధనమే. సిలబస్‌లో అందరూ వదిలేసే చాప్టర్ లాంటిది. దాన్ని శ్రద్ధగా పట్టుకున్నవాళ్లకు అది పనికొచ్చింది.

రెండు అరకొర ఉద్యోగాలు

1914లో రాక్నీ మంచి మార్కులతో డిగ్రీ పూర్తిచేశాడు. తర్వాత ఏం చేశాడనుకుంటున్నారు? అదే కాలేజీలో కెమిస్ట్రీ అసిస్టెంట్‌గా, ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. ల్యాబ్‌లో అతని పై అధికారి ఫాదర్ జూలియస్ న్యూలాండ్. కృత్రిమ రబ్బరు నియోప్రీన్‌కు దారి తీసిన పరిశోధన ఆయనదే. మైదానంలో పై అధికారి జెస్సీ హార్పర్. ఏ ఒక్కటీ పూర్తి స్థాయి ఉద్యోగం కాదు. నాలుగేళ్లు రెంటినీ నెట్టుకొచ్చాడు. 1918లో హార్పర్ తప్పుకోవడంతో హెడ్ కోచ్ పదవి వచ్చింది. అప్పటికి రాక్నీకి 30 ఏళ్లు.

ఆ తర్వాతిది రికార్డు పుస్తకాల కథ. 1919లో, 1920లో ఒక్క ఓటమి లేదు. 1924లో పదికి పది గెలిచారు. ఆ ఏడాది వెనక వరుసలో ఆడిన నలుగురు స్టుల్‌డ్రెయర్, క్రౌలీ, మిల్లర్, లేడెన్. ఒక క్రీడా విలేకరి వాళ్లకు నలుగురు గుర్రపు రౌతులని పేరు పెట్టాడు. ఆ పేరు దేశమంతా పాకింది. 1925 జనవరి 1న రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్‌ను 27-10తో ఓడించారు.

అప్పుడప్పుడు మ్యాచ్‌ను రెండో జట్టుతో మొదలుపెట్టడం రాక్నీ పద్ధతి. ప్రత్యర్థి అలసిపోయాక అసలు జట్టును దించేవాడు. దానివల్ల బెంచి మీద కూర్చునేవాళ్లకు కూడా నిజమైన ఆట దొరికేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

తేలిగ్గా తీసుకున్న శనివారం

అంత గొప్ప కోచ్ కూడా ఒక పెద్ద తప్పు చేశాడు. 1926లో జట్టు వరుసగా ఎనిమిది గెలిచింది. తొమ్మిదోది పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ టెక్‌తో. సులువుగా గెలిచే మ్యాచ్ అని అందరూ అనుకున్నారు. అదే రోజు, నవంబర్ 27న, షికాగోలో ఆర్మీ, నేవీ జట్ల మధ్య పెద్ద మ్యాచ్ ఉంది. రాక్నీ తన జట్టును అసిస్టెంట్‌కు అప్పగించి, ఆ మ్యాచ్ చూడ్డానికి షికాగో వెళ్లాడు.

కార్నెగీ టెక్ 19-0తో గెలిచింది. జాతీయ చాంపియన్ అయ్యే అవకాశం ఆ ఒక్క సాయంత్రంతో పోయింది. ఓడిన కోచ్ ఆ సమయంలో వేరే ఊళ్లో ప్రేక్షకుల మధ్య కూర్చుని ఉన్నాడు. ఈ టెస్ట్ ఈజీలే అని ముందురాత్రి పుస్తకం మూసేసిన అనుభవం మీకూ ఉంటే, ఆ శనివారం అతనికి ఎలా గడిచిందో వేరే చెప్పక్కర్లేదు.

1928: అంతా తలకిందులు

ఇక అసలు కథ. 1928లో అనుభవం ఉన్న ఆటగాళ్లు చాలామంది చదువు ముగించి వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా కొత్త కుర్రాళ్లు. రెండో మ్యాచ్‌లోనే విస్కాన్సిన్ 22-6తో ఓడించింది. నాలుగో మ్యాచ్‌లో జార్జియా టెక్ 13-0తో. ఏడో మ్యాచ్ నవంబర్ 10న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, ఆ ఏడాది అప్పటిదాకా ఓటమి ఎరగని ఆర్మీతో.

సగం ఆట అయ్యేసరికి స్కోరు 0-0. ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో రాక్నీ తన కుర్రాళ్లకు జార్జ్ గిప్ గురించి చెప్పాడు. గిప్ ఆ కాలేజీ గొప్ప ఆటగాడు. గొంతు ఇన్‌ఫెక్షన్, న్యుమోనియాతో 1920 డిసెంబర్‌లో పాతికేళ్లకే చనిపోయాడు. జట్టు ఎప్పుడైనా కష్టంలో పడితే తన కోసం ఒక్క మ్యాచ్ గెలవమని చివరి రోజుల్లో గిప్ కోరాడని రాక్నీ చెప్పాడు. గిప్ నిజంగా ఆ మాట అన్నాడా, రాక్నీ అల్లి చెప్పాడా అని చరిత్ర రాసినవాళ్లు ఇప్పటికీ అనుమానిస్తారు. ఏమైతేనేం, కుర్రాళ్లు కన్నీళ్లతో మైదానంలోకి దిగారు. ముందు ఆర్మీయే స్కోరు చేసింది. నోటర్ డేమ్ సమం చేసి, ఇంకోటి కొట్టి 12-6తో గెలిచింది. 1940లో వచ్చిన సినిమాలో గిప్ వేషం వేసిన నటుడు రోనాల్డ్ రీగన్, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆ డ్రెస్సింగ్ రూమ్ కథ ఊరూరా తెలిసిపోయింది.

అయితే ఆ మర్నాటి వారం ఏం జరిగిందో చాలామంది చెప్పరు. నవంబర్ 17న సొంత మైదానంలో అదే కార్నెగీ టెక్ చేతిలో 27-7తో ఓడిపోయారు. 1905 తర్వాత ఆ కాలేజీ సొంత గడ్డ మీద ఓడటం అదే మొదటిసారి. చివరి మ్యాచ్‌లో సదరన్ కాలిఫోర్నియా 27-14తో కొట్టింది. మొత్తం తొమ్మిదిలో ఐదు గెలుపులు, నాలుగు ఓటములు. రాక్నీ కోచ్‌గా ఉన్నన్నాళ్లలో అంత చెడ్డ సీజన్ మరొకటి లేదు.

అంటే, ప్రపంచంలోకెల్లా పేరున్న ఆ స్ఫూర్తి ప్రసంగం గెలిపించింది ఒక్క మ్యాచ్‌ని. దాని బలం వారం రోజులు కూడా నిలవలేదు. పొద్దున్నే ఒక మోటివేషన్ వీడియో చూసి, ఇవాళ్టి నుంచి రోజూ పద్నాలుగు గంటలు చదివేస్తానని మనం అనుకుంటాం చూడండి, అలాంటిదే. ఆ వేడి ఒక్క సాయంత్రానికి సరిపోతుంది. సీజన్‌కి కావాల్సింది వేరే.

1929: సొంత మైదానం కూడా లేదు

తర్వాతి ఏడాది పరిస్థితి ఇంకా కష్టం. కొత్త స్టేడియం కట్టడానికి పాత మైదానాన్ని పడగొట్టారు. దాంతో తొమ్మిది మ్యాచ్‌లూ బయట ఊళ్లలోనే. ఇంటి దగ్గర ఒక్కటీ లేదు. పైగా సీజన్ మొదట్లోనే రాక్నీ కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ కదిలి గుండె వైపు వెళ్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు మంచం దిగొద్దన్నారు. అసిస్టెంట్ టామ్ లీబ్ జట్టును నడిపించాడు. రాక్నీ కొన్ని మ్యాచ్‌లకు అసలు వెళ్లలేదు, కొన్నిటికి డాక్టర్లు వద్దన్నా చక్రాల కుర్చీలో వెళ్లాడు.

అయినా ఆ జట్టు నిలబడిందంటే కారణం 1928లోనే ఉంది. ఆ ఏడాది దెబ్బలు తిన్న కుర్రాళ్లే ఇప్పుడు ఏడాది అనుభవంతో దిగారు. ఓడిన సీజన్‌లో రెండో వరుసలో ఉండి నేర్చుకున్న ఫ్రాంక్ కారిడియో ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్. బెంచి మీద ఉన్నవాళ్లకు కూడా ఆట నేర్పే పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. కోచ్ మంచాన పడినా అసిస్టెంట్‌కు ప్రతి ఎత్తుగడా తెలుసు.

కిందటేడు ఓడించిన నాలుగు జట్లూ ఈసారీ షెడ్యూల్‌లో ఉన్నాయి. ఎంఎస్‌కి అప్లై చేసేవాళ్లకు తెలిసిన పేర్లే ఇవన్నీ. అప్పటి కార్నెగీ టెక్కే ఇప్పటి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ.

విస్కాన్సిన్ మీద 19-0. కార్నెగీ టెక్ మీద పిట్స్‌బర్గ్‌లోనే 7-0. జార్జియా టెక్ మీద అట్లాంటాలో 26-6. ఇక మిగిలింది సదరన్ కాలిఫోర్నియా. షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో లక్షా 12 వేలకు పైగా జనం. రెండు జట్లూ చెరి రెండుసార్లు గీత దాటాయి. దాటిన ప్రతిసారీ ఒక అదనపు పాయింటుకు అవకాశం ఉంటుంది. నోటర్ డేమ్ ఒకటి సంపాదించింది, ప్రత్యర్థికి రెండూ పోయాయి. స్కోరు 13-12. ఒక్క మార్కుతో సీటు వచ్చినట్టు అన్నమాట.

చివరి మ్యాచ్‌లో ఆర్మీ విసిరిన బంతిని జాక్ ఎల్డర్ మధ్యలో అందుకుని, దాదాపు మైదానం పొడవునా పరిగెత్తాడు. 7-0. తొమ్మిదికి తొమ్మిది. జాతీయ చాంపియన్లు.

ఇంకో సంగతి. కార్నెగీ టెక్ మ్యాచ్ జరిగింది అక్టోబర్ 26న. దానికి రెండు రోజుల ముందే న్యూయార్క్ స్టాక్ మార్కెట్ పతనం మొదలైంది. మహా మాంద్యం తలుపు తట్టింది. ఆ మైదానంలో ఉన్న కుర్రాళ్లు డిగ్రీ చేతపట్టుకుని బయటికి వచ్చింది కోట్లమందికి పని లేని రోజుల్లోకి.

ఆట అయ్యాక

1930లో కొత్త స్టేడియం తెరుచుకుంది. జట్టు పదికి పది గెలిచి మళ్లీ చాంపియన్ అయ్యింది. అదే రాక్నీ చివరి సీజన్.

1931 మార్చి 31న ఒక సినిమా పని మీద లాస్ ఏంజెలెస్ వెళ్లడానికి కాన్సస్ సిటీలో విమానం ఎక్కాడు. కాన్సస్ రాష్ట్రం బజార్ అనే ఊరి దగ్గర పొలాల్లో అది కూలిపోయింది. అందులో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు. రాక్నీకి 43 ఏళ్లు. ఆ విమానం రెక్కలు చెక్కవి. లోపల తేమ చేరి అతుకులు బలహీనపడ్డాయని తేలింది. చనిపోయింది దేశమంతా ఎరిగిన మనిషి కావడంతో జవాబు చెప్పక తప్పలేదు. విమాన ప్రమాదాల మీద బహిరంగ విచారణలకు, పూర్తి లోహపు విమానాలు త్వరగా రావడానికి ఆ ఘటన ఊపునిచ్చింది.

అతని దగ్గర ఆడినవాళ్లు చాలామంది కోచ్‌లయ్యారు. నలుగురు రౌతుల్లో ఒకడైన లేడెన్ తర్వాత నోటర్ డేమ్‌కే కోచ్‌గా వచ్చాడు. స్టుల్‌డ్రెయర్ విస్కాన్సిన్‌కు వెళ్లాడు. 1928లో ఓడిన జట్టులోనూ, 1929లో గెలిచిన జట్టులోనూ ఉన్న ఫ్రాంక్ లేహీ, అదే కాలేజీ కోచ్‌గా నాలుగు జాతీయ టైటిళ్లు గెలిచాడు. క్రౌలీ ఫోర్డమ్‌లో కోచ్‌గా ఉన్నప్పుడు ఆడిన ఒక విద్యార్థి విన్స్ లొంబార్డి. ఇవాళ సూపర్ బౌల్ గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది.

ఇక మీ సంగతి

రాక్నీ కథలో మీకు పనికొచ్చేవి మూడు.

ఒకటి, గ్యాప్. పోస్టాఫీసులో నాలుగేళ్లు అతను దాచుకోలేదు, సిగ్గుపడలేదు. ఆ కాలంలో ఏం చేశాడో చెప్పగలిగాడు. మీరు కూడా ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే తల దించుకోకండి. ఆ కాలంలో ఏం నేర్చుకున్నారో, ఇంటికి ఎలా అండగా ఉన్నారో రెండు ముక్కల్లో సూటిగా చెప్పండి. చెప్పడానికి ఏమీ లేకపోతే, ఇవాళ్టి నుంచి ఏదో ఒకటి మొదలుపెట్టండి.

రెండు, ఓడిన చోటు. 1929లో గెలిచిన జాబితా చూడండి. కిందటేడు ఎవరి దగ్గర ఓడారో ఆ నలుగురూ అందులో ఉన్నారు. మీరు పోగొట్టుకున్న పరీక్షలు, ఇంటర్వ్యూలు ఒక కాగితం మీద రాయండి. పక్కనే ఎక్కడ పోయిందో రాయండి. అరిథ్‌మెటిక్‌లోనా, ఇంగ్లిష్ మాట్లాడ్డంలోనా, టైం చాలకా? వచ్చే ఆర్నెల్ల టైంటేబుల్ ఆ కాగితమే.

మూడు, తేలిగ్గా తీసుకోవడం. షికాగోలో ఇంకో మ్యాచ్ చూస్తూ సొంత మ్యాచ్ పోగొట్టుకున్న ఆ శనివారాన్ని గుర్తుపెట్టుకోండి. చిన్న కంపెనీ కదా అని ప్రిపేర్ కాకుండా వెళ్లే ఇంటర్వ్యూలు సరిగ్గా అలాగే పోతాయి.

1928 డిసెంబర్‌లో, సదరన్ కాలిఫోర్నియా చేతిలో ఓడి రైలెక్కినప్పుడు, ఆ కుర్రాళ్లకు మరుసటి ఏడాది సంగతి తెలీదు. తెలిసిందల్లా వచ్చే సీజన్‌లో మళ్లీ ఆడాలని. మీకూ ప్రస్తుతానికి అంతే తెలుసు. ఈ రాత్రి నాన్నకు ఫోన్ చేసినప్పుడు, ఆయన అడక్కముందే మీరే చెప్పండి, తర్వాతి పరీక్ష ఎప్పుడో.